పిల్ల రంగుకు వెల కడుతున్నది మనమే

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురాల్లో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లం. బొగ్గు గనుల్లో, పేపర్ మిల్లులో, థర్మల్ కేంద్రంలో మరాఠీవాళ్లతో, గోండులతో కలిసి పనిచేస్తాం. అక్కడ ఎవరి రంగూ ఎవరికీ పట్టదు. కొడుక్కి సంబంధం చూసేటప్పుడు మాత్రం "పిల్ల ఛాయ ఎట్లుంటది వదినా?" అన్నదే మొదటి ప్రశ్న.

చదువుకున్న కుర్రాళ్ల దగ్గర దీనికో జవాబు సిద్ధంగా ఉంది. అందాన్ని కోరడం లక్షల ఏళ్ల పరిణామం నేర్పిన బుద్ధట, వాళ్ల తప్పేం లేదట! సగం చదివి మాట్లాడుతున్నారు. పరిణామ మనస్తత్వవేత్త డేవిడ్ బస్ 1989లో ప్రచురించిన అధ్యయనంలో 37 సంస్కృతులకు చెందిన పదివేల మందికి పైగా పాల్గొన్నారు. మగవాళ్లు అందానికీ చిన్న వయసుకూ, ఆడవాళ్లు సంపాదనకూ కాస్త ఎక్కువ విలువిచ్చిన మాట నిజమే. కానీ ఆడా మగా ఇద్దరూ వీటన్నిటికంటే పైన పెట్టినవి దయ, తెలివి. పెళ్లికి ముందు కన్యత్వమనే షరతుకు మన దేశంలో, చైనాలో ఎంతో విలువ ఉంటే, స్వీడన్‌లో దాదాపు లెక్కే లేదు. అంటే కోరికల్లో ఊరు నేర్పినవీ ఉన్నాయి.

ఇక రంగు. ఎండలు మండే చోట ఒంట్లో మెలనిన్ ఎక్కువగా ఉండటం పరిణామం ఇచ్చిన రక్షణే. గర్భంలో బిడ్డ ఎదుగుదలకు కావలసిన ఫోలేట్‌నూ అది ఎండ నుంచి కాపాడుతుంది. వేసవిలో 47 డిగ్రీలు చూసిన ఊరివాళ్లకు ఇది వేరే చెప్పాలా! 1975 నుంచి అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. మన బయోడేటాల్లో రంగు గడి మాత్రం అలాగే ఉంది.

అంతకంటే సిగ్గుచేటు, బేరం. పిల్ల కాస్త నలుపైతే కట్నం పెరుగుతుంది. ఇది ఏ పరిణామం నేర్పింది? వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. గనిలో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసిన తండ్రి పీఎఫ్ డబ్బు కూతురి ఒంటిరంగుకు జరిమానాగా పోతోంది. మనం అక్షింతలు వేసి, భోంచేసి వస్తున్నాం. అడిగినవాడి పాపంలో విని ఊరుకున్నవాళ్లకూ వాటా ఉంది.

వచ్చే పెళ్లిళ్ల సీజన్ లోపు ఒక పని చేద్దాం. సంబంధాలు కుదిర్చే పెద్దలు, రంగు అడిగినవాళ్లను ఏ ఆడపిల్ల గుమ్మానికీ తీసుకెళ్లకండి. తల్లులు, పిల్ల తెల్లబడాలని సున్నిపిండితో రుద్దడం మానండి. కుర్రాళ్లారా, పెళ్లిచూపుల్లో అమ్మ చాటున కూర్చోకుండా ఆ అమ్మాయితో మీరే మాట్లాడండి, ఆమె ప్రశ్నలకూ జవాబు చెప్పండి. కుదరకపోతే కుదరలేదని చెప్పండి, నెపం ఆమె రంగు మీదికి నెట్టకండి.