రెండో కుర్చీ బేరం

అమెరికాలో గద్దె మీదున్న అధ్యక్షుడు మళ్లీ పోటీకి దిగుతున్నాడంటే చాలు, ఒక పుకారు బయలుదేరుతుంది. ఈసారి ఉపాధ్యక్షుడిని మారుస్తాడట! 1956లో ఐసెన్‌హోవర్ నిక్సన్‌ను వదిలించుకుంటాడన్నారు. వదిలించుకోలేదు. ఫోర్డ్ పక్కనున్న రాక్‌ఫెల్లర్ మీద సొంత పార్టీలోని మితవాదులే కత్తి కట్టారు. 1976 ఎన్నికల్లో తాను ఉండనని ఆయన 1975 నవంబర్‌లోనే తప్పుకున్నాడు. 2004లో బుష్ చెనీని పక్కన పెడతాడన్నారు. ఆ ఆలోచన చేసిన మాట నిజమేనని 2010లో వచ్చిన తన పుస్తకంలో బుషే రాసుకున్నాడు. 2012కు ముందు బైడెన్ బదులు హిల్లరీ క్లింటన్‌ను నిలబెడితే ఎట్లుంటుందని ఒబామా మనుషులు లోలోపల సర్వేలు చేయించారు. ఎన్నికలు ముగిసిన దాదాపు ఏడాదికి గానీ ఆ సంగతి బయటపడలేదు. 2024కు ముందు కమలా హారిస్ గురించీ ఇదే గుసగుస. తీరా చూస్తే తప్పుకున్నది బైడెన్, అభ్యర్థి అయింది హారిస్!

పత్రికలకు, టీవీలకు ఇదొక కాలక్షేపం. ఎవరు ఉంటారు, ఎవరు పోతారు అని పందేలు కాస్తారు. మేము అడిగే ప్రశ్న వేరు. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేలుస్తున్నదెవరు? ఓటేసే జనమా? తలుపులు మూసుకొని కూర్చున్న నలుగురు పెద్దలా?

ఉపాధ్యక్ష పదవి ఉత్త అలంకారమని అమెరికన్లే నవ్వుకుంటారు. కానీ అధ్యక్షులు చనిపోయినప్పుడు 8 మంది, నిక్సన్ రాజీనామా చేసినప్పుడు ఒకరు, మొత్తం 9 మంది ఉపాధ్యక్షులు జనం అధ్యక్ష ఓటు వేయకుండానే ఆ పీఠం ఎక్కారు. అలంకారమైతే ఇదెట్లా జరిగింది?

1864 సంగతి చూడండి. లింకన్ పక్కనున్న హానిబల్ హామ్లిన్ బానిసత్వానికి గట్టి వ్యతిరేకి. ఓట్ల లెక్కలు వేసిన పార్టీ ఆయన్ను తప్పించి టెనెస్సీకి చెందిన ఆండ్రూ జాన్సన్‌ను నిలబెట్టింది. 1865 ఏప్రిల్‌లో లింకన్ హత్య జరిగింది. జాన్సన్ అధ్యక్షుడయ్యాడు. ఆ ఏడాది జనవరిలోనే జనరల్ షెర్మన్ ఉత్తర్వుతో దక్షిణాది తీరంలో సుమారు 4 లక్షల ఎకరాలను విముక్తులైన నల్లజాతి కుటుంబాలకు కేటాయించారు. కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇస్తామన్నారు. దాదాపు 40 వేల మంది అక్కడ దున్నుకొని విత్తనాలు వేసుకున్నారు. జాన్సన్ ఏం చేశాడు? తిరుగుబాటు చేసిన పాత భూస్వాములకు క్షమాభిక్ష పెట్టాడు. అదే ఏడాది ఆ భూములను మళ్లీ వాళ్ల పరం చేశాడు. రెండో కుర్చీలో మనిషిని మార్చినప్పుడు అది ఓట్ల లెక్క. భూమి చేజారినప్పుడు బతుకు లెక్క.

80 ఏళ్ల తర్వాత అదే కథ మరింత పకడ్బందీగా నడిచింది. 1944లో రూజ్‌వెల్ట్ నాలుగోసారి పోటీకి సిద్ధపడ్డాడు. ఆయన గుండె దెబ్బతిన్నదని ఆ మార్చిలోనే డాక్టర్లు తేల్చారు. జనానికి ఆ మాట చెప్పలేదు. కానీ మనిషి వాలకం చూసిన పార్టీ పెద్దలకు విషయం అర్థమైంది. ఈసారి ఎన్నుకునేది ఉపాధ్యక్షుడిని కాదు, కాబోయే అధ్యక్షుడిని!

అప్పటి ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ వాళ్ల కంట్లో నలుసు. ఈ శతాబ్దం సామాన్యుడిదని చెప్పినవాడు. కార్మిక సంఘాలు ఆయన వెంట ఉన్నాయి. 1944లో అచ్చయిన ఒక చిన్న పుస్తకంలో భారతదేశంతో సహా ఆసియాలోని వలసలకు విముక్తి కావాలని రాసి బ్రిటిష్ పాలకులకు మంట పుట్టించాడు. ఆయన చైనా, సైబీరియా పర్యటనలో ఉన్నప్పుడు ఇక్కడ గోతులు తవ్వారు. జూలై 11న వైట్‌హౌస్‌లో కొందరు పెద్దలు కూర్చొని ట్రూమన్ పేరు ఖాయం చేశారు. రూజ్‌వెల్ట్ తీరు ఇంకా విచిత్రం. నేనే ప్రతినిధినైతే వాలెస్‌కే ఓటేస్తానని ఒక లేఖ, ట్రూమన్ అయినా డగ్లస్ అయినా నాకు సంతోషమేనని మరొక లేఖ!

జనం మాటేమిటి? గ్యాలప్ సర్వేలో డెమోక్రటిక్ ఓటర్లలో 65 శాతం మంది వాలెస్‌నే కోరారు. ట్రూమన్‌ను కోరింది 2 శాతం. జూలై 20న షికాగో సభలో వాలెస్ మాట్లాడుతూ ఓటు పన్ను పోవాల్సిందేనన్నాడు. దక్షిణాదిలో నల్లవారిని, పేద తెల్లవారిని ఓటుకు దూరం చేసిన పన్ను అది. ఆ పన్ను మీద బతికే దక్షిణాది నాయకుల ముందే ఆ మాట అన్నాడు. ఆ రాత్రి సభ వాలెస్ పేరుతో మార్మోగింది. ఆయన పేరు ప్రతిపాదించడానికి సెనేటర్ పెప్పర్ మైకు వైపు నడుస్తుండగానే, సభాధ్యక్షుడు సభను వాయిదా వేశాడు. తెల్లవారేసరికి బేరాలు కుదిరాయి. తొలి ఓటింగ్‌లో వాలెస్‌దే ఆధిక్యం. రెండో ఓటింగ్ ముగిసేసరికి ట్రూమన్‌కు 1,031, వాలెస్‌కు 105.

1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ కన్నుమూశాడు. ట్రూమన్ ఉపాధ్యక్షుడిగా ఉన్నది 82 రోజులు. అణుబాంబు తయారీ గురించిన పూర్తి వివరాలు ఆయనకు తెలిసింది అధ్యక్షుడయ్యాకే. ఆ ఆగస్టులో హిరోషిమా, నాగసాకి బూడిదయ్యాయి. కేంద్ర ఎన్నికల్లో ఓటు పన్ను పోవడానికి 1964 దాకా ఆగాల్సి వచ్చింది.

వాలెస్ ఉంటే బాంబు పడేది కాదని మేము జోస్యం చెప్పం. ట్రూమన్‌ను రాక్షసుణ్ని చేయడం మా పని కాదు. 1948లో సైన్యంలో జాతి వివక్షకు స్వస్తి చెబుతూ ఉత్తర్వు ఇచ్చింది ఆయనే. అదే ఏడాది వేరే పార్టీ తరఫున నిలబడ్డ వాలెస్‌కు 3 శాతం ఓట్లు కూడా రాలేదు. కనుక ఇది ఇద్దరు మనుషుల మంచిచెడ్డల పంచాయితీ కాదు. అధ్యక్షుడి ఆరోగ్యం తెలిసినవాళ్లు తెలియనట్టు నటించి, జనం తరఫున జనానికి తెలియకుండా నిర్ణయం చేశారు. మా అభ్యంతరం అక్కడ.

తనతో కలిసి పనిచేసే మనిషిని అధ్యక్షుడు ఎంచుకోవద్దా అని కొందరు అడుగుతారు. ఎంచుకోవచ్చు. అట్లాంటప్పుడు ఫలానావాడు నాకొద్దు, కారణమిది అని బహిరంగంగా చెప్పాలి. ఒక చేత్తో మెచ్చుకోలు లేఖ, ఇంకో చేత్తో సాగనంపే లేఖ రాయడం నాయకత్వం అనిపించుకోదు. ఇప్పటికీ అక్కడ ప్రైమరీల్లో జనం ఓటేసేది అధ్యక్ష అభ్యర్థికే. రెండో పేరు ఆ అభ్యర్థి జేబులోంచి వస్తుంది. సభ చప్పట్లు కొడుతుంది.

పైరవీలతో రాత్రికి రాత్రి బదిలీ ఆర్డరు అందుకున్న ఉద్యోగికి ఈ తీరు మేము కొత్తగా చెప్పనక్కరలేదు. ఎన్నికలు జరపకుండా పైనుంచి దిగిన కమిటీని చూసిన విద్యార్థికీ చెప్పనక్కరలేదు. అందుకే అడుగుతున్నాం. ఎక్కడైనా ఏ పార్టీలోనైనా ఏ సంఘంలోనైనా రెండో కుర్చీ మారుతుందన్న పుకారు పుట్టినప్పుడు, వచ్చేదెవరో అని చెవులు కొరుక్కోవడంతో ఆగొద్దు. ఏ గదిలో తేల్చారు, ఎవరిని అడిగి తేల్చారు, ఎవరికి ఏం ఇస్తామని తేల్చారు అని నిలదీయాలి. 1864లో ఆ ప్రశ్న గట్టిగా అడిగి ఉంటే ఆ 40 వేల మంది భూమి దక్కేదో లేదో మాకు తెలియదు. అడగకపోతే ఏం దక్కుతుందో మాత్రం తెలుసు.