డబుల్ క్లిక్ చేస్తే ఏది తెరుచుకోవాలి?



మన బళేపేట ఆఫీసు కంప్యూటర్‌లో డాక్యుమెంట్లన్నీ ఇకపై లిబ్రాఫీస్‌లో తెరుచుకునేలా మార్చాలని మేము ప్రతిపాదించాం. ఇంత చిన్న పనికి సర్వసభ్య సమావేశం దాకా ఎందుకని కొందరు అడిగారు. పని చిన్నదే. కానీ మన కాగితాల బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ముందు ఒక అనుమానం తీర్చాలి. డిఫాల్ట్ మార్చినంత మాత్రాన ఫైల్ మారదు, చెరిగిపోదు. డబుల్ క్లిక్ చేసినప్పుడు ఏ ప్రోగ్రామ్ ముందుకు రావాలో మాత్రమే మారుతుంది. విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, 'ఓపెన్ విత్'లోకి వెళ్లి, 'చూజ్ ఎనదర్ యాప్' నొక్కి, లిబ్రాఫీస్‌ను ఎంచుకుని 'ఆల్వేస్' అంటే చాలు. డాక్, డాక్స్, ఎక్సెల్ ఇలా ఒక్కో రకానికి ఒక్కోసారి చెప్పాలి. నచ్చకపోతే అదే దారిలో వెనక్కి రావచ్చు.

మరి ఎందుకు మార్చాలి? మైక్రోసాఫ్ట్ 365 లాంటివి చందా మీద నడుస్తాయి. చందా గడువు తీరిపోతే పాత ఫైళ్లు చూడొచ్చు, ప్రింట్ తీయొచ్చు, దిద్దడం మాత్రం కుదరదు. మన సంఘంలో కార్యదర్శులు మారుతుంటారు. చందా ఒకరి ఈమెయిల్ పేరు మీద, డబ్బు ఇంకొకరి కార్డు మీద ఉంటే గడువు సంగతి ఎవరికీ గుర్తుండదు. కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం (1960) కింద ఏటా లెక్కలు దాఖలు చేయాల్సిన మనం అలాంటి రోజు తెచ్చుకోకూడదు. బళేపేటలో వీణ కొన్నవాళ్లు వాయించినందుకు దుకాణానికి ఏటా అద్దె కట్టరు కదా! లిబ్రాఫీస్ 2010 నుంచి ఉచితంగా దొరుకుతోంది, లాగిన్ అడగదు. దాని సొంత ఫార్మాట్ ఓడీఎఫ్ 2006లోనే ఐఎస్‌ఓ ప్రమాణమైంది. అంటే ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేదు.

అభ్యంతరాలూ ఉన్నాయి. వర్డ్‌లో చేసిన టేబుళ్లు లిబ్రాఫీస్‌లో కాస్త జరుగుతాయన్నది నిజమే. అందుకే బయటికి పంపేవి పీడీఎఫ్‌గా పంపుదాం. ఆడిటర్‌గారికి ఎక్సెలే కావాలంటే 'సేవ్ యాజ్'లో అదీ ఇవ్వొచ్చు. మెనూలు కొత్తగా అనిపిస్తాయి, నాలుగు వారాల్లో అలవాటవుతాయి.

అయితే డిఫాల్ట్ మార్చితే తీరని సమస్య ఒకటుంది. అది మన తెలుగుదే. పాత ఉగాది ఆహ్వానాలు, సావనీర్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసినవి. వాటి లోపల ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. ఆ ఫాంట్ లేకపోతే ఏ ప్రోగ్రామ్‌లో తెరిచినా పిచ్చిగీతలే. నుడి, బరహల్లో పాత పద్ధతిలో టైప్ చేసిన కన్నడ నోటీసులదీ ఇదే కథ. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ తెలుగుకు గౌతమి, కన్నడకు తుంగ ఫాంట్లతోనే వచ్చింది. ఇప్పుడు మండలి, రామభద్ర లాంటి అందమైన ఫాంట్లు ఉచితం. ఇంకా పాత ఫాంట్లలోనే కంపోజ్ చేయించుకుంటే, రేపు మన పిల్లలు మన పేర్లు వెతికినా దొరకవు.

కాబట్టి మేము కోరేవి మూడు. ఆఫీసులో లిబ్రాఫీస్ డిఫాల్ట్ కావాలి. కొత్త తెలుగు, కన్నడ కాగితాలన్నీ యూనికోడ్‌లోనే ఉండాలి. పాతవి ఒక్కొక్కటీ యూనికోడ్‌లోకి మార్చాలి. మొదటిది అయిదు నిమిషాల పని. మూడోదానికి ఏడాది పట్టొచ్చు, చేతులు కావాలి.

సమావేశంలో ఒప్పుకున్నా, కాదన్నా కారణం చెప్పి ఓటేయండి. ఈలోగా మీ ఇంట్లో పాత సావనీర్ల సీడీలు ఉంటే ఆఫీసుకు తెచ్చివ్వండి. వాటిని చదివే డ్రైవ్‌లు కూడా కరువవుతున్నాయి.