గడువు పెంచితే సరిపోదు

పంటకు అదను ఉన్నట్లే పన్ను కాగితాలకూ అదను ఉంది. అదను తప్పిన నాట్లు ఎలా పండుతాయో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ఇన్‌కంటాక్సు రిటర్నుల విషయంలో 2025లో అదే జరిగింది. ఫారాలు ఆలస్యం చేసింది ప్రభుత్వం. అవస్థ పడింది రిటర్నులు రాసేవారు. చివరకు నష్టం భరించవలసింది వారి గుమ్మం ఎక్కిన సామాన్యుడు.

వ్యవసాయాదాయంపై పన్ను లేదు గదా, పల్లెలకు ఈ గొడవ ఎందుకని కొందరు అనుకోవచ్చు. అది పాతమాట. బ్యాంకు డిపాజిట్ వడ్డీలో కోసిన పన్ను వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి. ఇంటి అప్పుకో, లారీ అప్పుకో వెళితే రెండు మూడేళ్ల రిటర్నులు చూపమంటారు. పంతుళ్లు, పింఛనుదార్లు, కిరాణా కొట్లవారు, చిన్న కాంట్రాక్టర్లు అందరికీ ఈ పని పడుతుంది. వీరు వెళ్లేది ఊరంతా 'ఆడిటరు గారు' అని పిలిచే మనిషి దగ్గరికి. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్ కావచ్చు, టాక్సు ప్రాక్టీషనర్ కావచ్చు, ఒకరి దగ్గర పదేళ్లు గుమాస్తాగా చేసి సొంతంగా గది తెరిచినవాడూ కావచ్చు.

2025లో ఆ గదిలో పని ఎలా నడిచిందో చూడాలి. జులై 31తో ముగియవలసిన గడువును సెప్టెంబరు 15కు మారుస్తున్నట్లు మే 27న ప్రకటించారు. ఫారాల్లో మార్పులు చేశామనీ, కంప్యూటర్ ఏర్పాట్లకు వ్యవధి కావాలనీ కారణం చెప్పారు. వినడానికి ఆరు వారాల వెసులుబాటు. కాని ఒకటి, నాలుగు నంబర్ల చిన్న ఫారాలు నింపే ఏర్పాటు మే నెలాఖరుకు వచ్చినా, రెండు, మూడు నంబర్లవి జులై దాకా రాలేదు. పెంచిన గడువులో చాలా భాగం ఎదురుచూపులకే పోయింది.

ఇందులో పల్లెవాసికి మరో చిక్కు ఉంది. వ్యవసాయాదాయం 5 వేల రూపాయలు దాటితే చిన్న ఫారం పనికిరాదు. రెండెకరాల కౌలు వచ్చే పంతులు గారు ఒకటో నంబరు వదిలి రెండో నంబరు వేయాలి. సొంత పొలం ఉన్న కిరాణా కొట్టాయన నాలుగో నంబరు వదిలి మూడో నంబరుకు పోవాలి. జీతం తప్ప మరో రాబడి లేని పట్నం ఉద్యోగి జూన్‌లోనే పని ముగించుకోగలిగాడు. చెక్క పొలం ఉన్న పాపానికి పల్లె ఉద్యోగి జులై దాకా కాచుకున్నాడు. పన్ను లేని ఆదాయమే అతనికి ఆలస్యం తెచ్చిపెట్టింది.

చివరి రోజుల్లో పోర్టలు తెరుచుకోవడం లేదని, పన్ను కోత వివరాలు రావడం లేదని వృత్తిదారులు మొరపెట్టుకున్నారు. అంతా బాగానే పనిచేస్తోందని శాఖ చెప్పింది. తీరా 15వ తేదీ అర్ధరాత్రికి కొద్ది నిమిషాల ముందు మరొక్క రోజు గడువు ఇచ్చారు. ఆ రాత్రే 12 గంటల నుంచి 2.30 దాకా పోర్టలును మార్పుల కోసం ఆపారు. అప్పటికే 7 కోట్ల 30 లక్షలకు పైగా రిటర్నులు దాఖలయ్యాయి. నిద్ర మాని పని చేసినవారికి ఆ పొడిగింపు ఏం ఒరగబెట్టింది? 2021లో కూడా ఇంతే. జూన్ 7న కొత్త పోర్టలు తెచ్చారు, అది మొరాయించింది, ఆ ఏడాది గడువు డిసెంబరు 31 దాకా సాగింది.

ఇన్ని ఇబ్బందుల్లోనూ పని తెలిసినవారు ఒక పద్ధతి పాటిస్తున్నారు. చిన్న ఫారాలు జూన్‌లోనే ముగిస్తారు. పోర్టలు మీద ఒత్తిడి తక్కువగా ఉండే తెల్లవారుజామున కూర్చుంటారు. ఆధార్‌కు ఇచ్చిన ఫోను ఎవరి దగ్గర ఉందో ముందే కనుక్కుంటారు. తండ్రి రిటర్నుకు ఓటీపీ హైదరాబాదులోని కొడుకు ఫోనుకు పోతే, అతను డ్యూటీ దిగేదాకా ఇక్కడ పని ఆగుతుంది. రిటర్ను వేసిన 30 రోజుల్లోగా దాన్ని ధ్రువీకరించకపోతే గడువులో వేసిన ఫలితం దక్కదు. మంచి ఆడిటరు ఆ లెక్క కూడా పుస్తకంలో రాసుకుని ఫోను చేస్తాడు.

మరికొందరున్నారు. రద్దీని ఆసరా చేసుకుని, లేని ఇంటద్దె, కట్టని బీమా, ఇవ్వని విరాళం చూపించి రిఫండు తెప్పిస్తామంటారు. వచ్చిన దాంట్లో కమిషను తీసుకుంటారు. ఇలాంటి మధ్యవర్తులపై 2025 జులై 14న ఆదాయపన్ను శాఖ దేశవ్యాప్తంగా సోదాలు జరిపింది. తాత్కాలికంగా ఈమెయిలు చిరునామాలు సృష్టించి, పని కాగానే వాటిని వదిలేస్తున్నారని బయటపడింది. అంటే నోటీసు వచ్చినా అసలు మనిషికి తెలియదు. కమిషను తీసుకున్నవాడు గది మార్చుకుపోతాడు. రిటర్ను ఎవరి పేరున ఉందో వారే ఆ డబ్బు వడ్డీతో కట్టాలి. ఆదాయాన్ని తప్పుగా చూపినట్లు తేలితే ఎగవేసిన పన్నుకు రెండింతల జరిమానా పడవచ్చు. పదివేల రిఫండుకు ఆశపడిన పింఛనుదారుకు ఇది మోయలేని భారం.

అందువల్ల 'రిఫండు ఎంత తెస్తావు' అని కాక, 'నా కాగితాల ప్రకారం ఎంత రావాలి' అని అడగడం నేర్చుకోవాలి. కాదు అని చెప్పగలిగిన ఆడిటరే మేలు చేసేవాడు. రిటర్నులో ఉన్న ఫోను నంబరు, ఈమెయిలు తమవేనా అని చూసుకోవాలి. దాఖలైన రసీదు ఇంట్లో పెట్టుకోవాలి. బ్యాంకు పుస్తకం, కౌలు లెక్క, వడ్డీ పత్రం జూన్‌లోనే అందిస్తే, రాసేవారికి సరిచూసే తీరిక ఉంటుంది. చివరి రోజు సంచి పట్టుకు వచ్చి తప్పులు లేకుండా రాయమనడం న్యాయం కాదు.

జనం తమ వంతు చేసినా ప్రభుత్వం తన వంతు చేయకపోతే ఫలితం లేదు. ఏప్రిల్‌లో ఆర్థిక సంవత్సరం మొదలయ్యేసరికి అన్ని నంబర్ల ఫారాలూ సిద్ధంగా ఉంచాలి. వ్యవసాయాదాయానికి పెట్టిన 5 వేల హద్దును పెంచి పల్లెవాసికీ చిన్న ఫారం అందేలా చూడాలి. గడువు పెంచక తప్పదనుకుంటే ఆ మాట వారం ముందే చెప్పాలి. ఆలస్యమైన రిటర్నుకు వెయ్యి, ఆదాయం 5 లక్షలు దాటితే 5 వేలు రుసుము వసూలు చేసే ప్రభుత్వం, తన ఆలస్యానికి ఏ రుసుమూ కట్టడం లేదు. కనీసం ఫారాలైనా వేళకు ఇవ్వడం దాని బాధ్యత.