కార్డులో మిగిలింది... క్యాసినోలో కరిగింది!

హ్యూస్టన్‌లో ఉండే ఓ తెలుగు కుటుంబం. తెనాలి నుంచి అమ్మానాన్నలు వచ్చారు. వాళ్లని గాల్వెస్టన్ రేవు నుంచి అయిదు రాత్రుల ఓడ ప్రయాణానికి తీసుకెళ్లాలని కొడుకు ముచ్చట. కోడలు లెక్కల మనిషి. మూణ్నెల్ల ముందునుంచే తగ్గింపు ధరకు దొరికే గిఫ్ట్ కార్డుల్ని ఒక్కొక్కటిగా కొని దాచింది. 500 డాలర్ల కార్డు 450కే! అలా నాలుగు కార్డులు కొనేసరికి 200 డాలర్లు మిగిలాయి. 'కొజుమెల్ దీవిలో దిగినప్పుడు ఆ డబ్బుతో అత్తయ్యనీ మావయ్యనీ మాయన్ల కాలం నాటి గుడి చూడ్డానికి తీసుకెళదాం' అనుకుంది.

ఓడ బయల్దేరిన తొలిరాత్రే కొడుకు 'ఓ అరగంట కూర్చుని వస్తా' అంటూ క్యాసినోలోకి వెళ్లాడు. మర్నాడంతా ఓడ సముద్రం మీదే. మళ్లీ వెళ్లాడు. 'ఎటూ మిగిలిన డబ్బే కదా' అన్నది అతని ధీమా. కొజుమెల్ చేరేసరికి ఆ 200 డాలర్లూ లేవు!

ఇది ఉదాహరణ కోసం అల్లిన కథే. కానీ ఇందులోని లెక్క మాత్రం అక్షరాలా నిజం. సెలవుల్లో ఓడ ఎక్కే తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన లెక్క అది.

తగ్గింపు... నిజమే!

ముందుగా ఒక్కమాట. తగ్గింపు ధర గిఫ్ట్ కార్డు మోసమేమీ కాదు. అమెరికాలో 1958లో ఏర్పడిన ఏఏఆర్‌పీ సంఘం 50 ఏళ్లు దాటినవారికి రకరకాల రాయితీలు ఇప్పిస్తుంటుంది. కార్నివాల్ ఓడల గిఫ్ట్ కార్డుల్ని తన సభ్యులకు ఇలాగే తగ్గింపు ధరకు అందించి బాగా పేరు తెచ్చుకుంది. సభ్యత్వంతో నడిచే కొన్ని పెద్ద దుకాణాల్లోనూ అప్పుడప్పుడూ ఇలాంటి కార్డులు దొరుకుతాయి. ఎంత తగ్గిస్తారన్నది కాలాన్ని బట్టి మారుతుంది.

ఆ కార్డుతో టికెట్టు కొనొచ్చు. ఓడలో అయ్యే ఖర్చులకూ చాలాచోట్ల వాడుకోవచ్చు. ఎలాగూ కట్టక తప్పని డబ్బుని పది శాతం తక్కువకు కట్టడమన్నమాట. ఇందులో అదృష్టంతో పనిలేదు. కార్డు కొన్న క్షణమే లాభం చేతికొచ్చినట్టు. చిక్కంతా ఆ తర్వాతే!

మూడు వేషాలు

ఓడలో నోట్లతో పనుండదు. గది తాళంచెవిగా ఇచ్చే కార్డే పర్సు కూడా. కాఫీ తాగినా, ఫొటో కొన్నా దాన్ని చూపిస్తే చాలు... ఖాతాలో రాసుకుంటారు. క్యాసినోలోనూ అదే కార్డు.

ఒకసారి ఆలోచించండి. కష్టపడి సంపాదించిన జీతం డబ్బు మొదట గిఫ్ట్ కార్డు అవుతుంది. తర్వాత గది కార్డులో అంకె అవుతుంది. చివరికి రంగురంగుల చిప్స్‌గా బల్లమీదకొస్తుంది. మూడుసార్లు వేషం మార్చాక అది మన డబ్బేనన్న సంగతి మనకే గుర్తుండదు! వంద డాలర్ల నోటు తీసి ఇవ్వాలంటే చెయ్యి వణుకుతుంది. అదే కార్డు గీకాలంటే ఏమీ అనిపించదు.

దానికితోడు అది 'మిగిలిన' డబ్బు. జూదంలో గెలిచిన సొమ్ముతో జనం మరింత తెగించి ఆడతారని ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్‌తో కలిసి 1990లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. మనిషి తన డబ్బుని మనసులోనే వేర్వేరు డబ్బాల్లో వేసుకుంటాడన్నది థేలర్ ప్రసిద్ధ సిద్ధాంతం. ఆయనకు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం వచ్చింది. జీతం డబ్బాలోంచి తీయడానికి వెనకాడేవాళ్లు 'మిగిలింది' అని రాసిన డబ్బాని ఇట్టే ఖాళీచేస్తారు. నిజానికి రెండిట్లో ఉన్నదీ ఒకే డాలరు!

చక్రం లెక్క

అమెరికన్ రౌలెట్ చక్రంలో 38 గళ్లుంటాయి. 1 నుంచి 36 వరకు అంకెలు, ఒక సున్నా, ఒక జంట సున్నా. ఒక అంకె మీద డాలరు కాస్తే గెలిచినవాడికి ఇచ్చేది 35 రెట్లు. న్యాయంగా అయితే 37 రెట్లివ్వాలి. ఆ తేడాయే క్యాసినో ఆదాయం. కాసిన ప్రతి వంద డాలర్లకీ సగటున 5 డాలర్ల 26 సెంట్లు అటే వెళ్తాయి. ఒకే సున్నా ఉన్న యూరోపియన్ చక్రమైతే ఇది 2 డాలర్ల 70 సెంట్లు.

చక్రం తిరిగిన ప్రతిసారీ 10 డాలర్లు కాస్తూ గంటకి 40 సార్లు ఆడారనుకుందాం. గంటలో కాసింది 400 డాలర్లు. అందులో సగటున పోయేది 21. ఈ లెక్కన కోడలు మూణ్నెల్లు కూడబెట్టిన 200 డాలర్లు తొమ్మిదిన్నర గంటల్లో సరి!

స్లాట్ మెషీన్ ఇంకా చురుకైంది. ఒక్కో తిప్పుడికి 75 సెంట్లే అనిపిస్తుంది. గంటకి 600 సార్లు తిప్పితే అది 450 డాలర్లు. మెషీన్ నూటికి పది చొప్పున ఉంచుకుంటే గంటకి 45 డాలర్లు పోతాయి. నాలుగున్నర గంటల్లో మొత్తం పొదుపు గల్లంతు. ఇవి సగటు లెక్కలే. ఒకరోజు గెలవొచ్చు. కానీ ఎంత ఎక్కువసేపు కూర్చుంటే ఆట అంతగా ఈ సగటు దగ్గరికే వస్తుంది.

బ్లాక్‌జాక్ బల్ల మీద రాసి ఉండే చిన్న అక్షరాలూ చూడాలి. మొదటి రెండు ముక్కల్లోనే 21 పడితే కొన్నిచోట్ల 3కి 2 ఇస్తారు. అంటే 10 డాలర్లకి 15. కొన్నిచోట్ల 6కి 5 మాత్రమే. అంటే 12. పందెం అదే, ముక్కలవే. మూడు డాలర్లు మాయం!

తీరం దాటితే...

నౌక రేవులో ఉన్నంతసేపూ సాధారణంగా క్యాసినోకి తాళం ఉంటుంది. తీరం వదిలి అంతర్జాతీయ జలాల్లోకి వెళ్లాకే తెరుస్తారు. ఒడ్డున ఉన్న చట్టాన్ని నీళ్లమీద దాటడం కొత్తేమీ కాదు. 1938లో టోనీ కార్నెరో అనే వ్యక్తి కాలిఫోర్నియాలోని శాంటా మోనికా దగ్గర, తీరానికి మూడు మైళ్ల అవతల 'రెక్స్' అనే జూదపు ఓడని నిలిపాడు. జనం పడవల్లో వెళ్లి ఆడి వచ్చేవారు. 1939 ఆగస్టులో అటార్నీ జనరల్ ఎర్ల్ వారెన్ పంపిన అధికారులు దాన్ని చుట్టుముడితే ఓడ సిబ్బంది నీళ్ల గొట్టాలతో అడ్డుకున్నారు. చివరికి లొంగిపోక తప్పలేదు. ఆ వారెనే తర్వాత అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

నెవడాలో స్లాట్ మెషీన్ కనీసం 75 శాతం తిరిగివ్వాలని నిబంధన ఉంది. నడిసముద్రంలో ఆ రాష్ట్రం మాట చెల్లదు. నియమాలు ఓడ యాజమాన్యానివే!

మరి చిట్కా పనిచేస్తుందా?

'పది శాతం తగ్గింపు కార్డుని గది ఖాతాలో వేసి, దాంతో చిప్స్ తీసుకుని, ఆడకుండానే నగదు చేసుకుంటే?' అని తెలివైనవాళ్లకు తట్టొచ్చు. ఓడలవాళ్లకీ అది ఎప్పుడో తట్టింది. గది ఖాతా నుంచి క్యాసినోకి డబ్బు తీస్తే చాలా ఓడల్లో 3 నుంచి 5 శాతం రుసుము వేస్తారు. అయిదు శాతమైతే, 200 డాలర్లకి తొలి చక్రం తిరక్కముందే పది డాలర్లు పోయినట్టే. రోజుకి ఇంతే తీయాలన్న పరిమితి కూడా ఉంటుంది. నగదు మార్పిడి మీద కన్నేసే ఉంచుతారు.

'బాగా ఆడితే వచ్చేసారి గది ఉచితం' అన్నది ఇంకో ఆశ. మెషీన్‌లో 5 డాలర్లు తిప్పితే ఒక పాయింటు, ఉచిత గదికి 2,500 పాయింట్లు అనుకుందాం. అంటే 12,500 డాలర్లు తిప్పాలి. నూటికి 8 పోయినా వెయ్యి డాలర్లు. పైగా ఉచితం అన్న గదికీ పన్నులు, రేవు రుసుములు సాధారణంగా మనమే కట్టుకోవాలి!

కార్డు కొంటే ఇవి గుర్తుంచుకోండి

* కార్డుని తప్పనిసరి ఖర్చులకే కేటాయించండి. టికెట్టు, సిబ్బందికిచ్చే టిప్స్ లాంటివన్నమాట. టిప్స్ మనిషికి రోజుకి 16 డాలర్లనుకున్నా, నలుగురికి అయిదు రోజులకి 320 డాలర్లు. తగ్గింపు అక్కడ అక్కరకొస్తుంది.

* ప్రయాణం ముగిసేదాకా ఖాళీ కార్డునీ పారేయొద్దు. టికెట్టు రద్దయితే డబ్బు తరచూ ఆ కార్డులోకే తిరిగొస్తుంది.

* ఏళ్లకి సరిపడా కొని పెట్టుకోవద్దు. 2020 మార్చిలో కరోనాతో ఆగిన అమెరికా ఓడ ప్రయాణాలు మళ్లీ మొదలైంది 2021 జూన్‌లో! అన్నాళ్లూ కార్డుల్లోని డబ్బు కార్డుల్లోనే ఉండిపోయింది. 2009 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బుకి కనీసం అయిదేళ్ల గడువు ఉంటుందన్నదే ఊరట.

* ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర కొనొద్దు. వెనక అంకెలు గీకేసి ఉన్న కార్డు అసలే వద్దు. ఫోన్ చేసి గిఫ్ట్ కార్డు నంబరు చెప్పమనేవాడు తప్పకుండా మోసగాడే.

* ఆడాలని సరదాగా ఉంటే జేబులో నోట్లు పెట్టుకుని వెళ్లండి. గది కార్డు ఇంట్లోవాళ్లకిచ్చేయండి. నోట్లు అయిపోతే ఆటా అయిపోయినట్టే.

ఈ సంగతులు అమెరికా వాళ్లకేలే అనుకోనక్కర్లేదు. 2022 జూన్‌లో విశాఖ రేవుకి వచ్చిన 'ఎంప్రెస్' నౌకలోనూ క్యాసినో ఉంది.

మళ్లీ ఆ కుటుంబం దగ్గరకొద్దాం. కొడుకు తల దించుకుని చెప్పిన లెక్కంతా విన్న తండ్రి ఏమంటాడు? తెనాలిలో అరుగు మీద పేకాట చూసినవాడు కదా... 'ఏరా, మన అరుగు మీద ఒకడు పోగొట్టుకుంటే పక్కవాడికి వస్తుంది. ఇక్కడ అందరూ పోగొట్టుకుంటే ఓడకేగా వచ్చేది!' అంటాడు. కోడలు ఏమీ అనదు. ఆ గుడి మాత్రం వాళ్లు చూడలేదు. అత్తయ్య వీసా గడువు వచ్చే నెలతో అయిపోతుంది.