తండాకు రావాల్సిన వాటా

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుంటే ఇబ్రహీంపట్నం ఇంకా రాకముందే బోర్డులు మొదలవుతాయి. ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులు, వాటిని మించి ప్లాట్ల వెంచర్ల బోర్డులు. కుడిచేతి వైపు ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లాజ్‌లు, సి-130జె విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి 2023 మేలో పునాదిరాయి పడింది. మీర్‌ఖాన్‌పేటలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి 2024 ఆగస్టు 1న శంకుస్థాపన జరిగింది. యాచారం, కందుకూరు మండలాల్లో ఫార్మాసిటీ పేరుతో గీసిన హద్దు 19 వేల ఎకరాలు దాటింది. ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని కాలేజీలు, ఇంత పెట్టుబడి చేరిన గ్రామీణ ప్రాంతం తెలంగాణలో అరుదు. మంచాల, యాచారం మండలాల లంబాడా తండాలు వీటికి ఎంతో దూరంలో లేవు. మరి తండా మనిషి ఈ గేట్లలోపలికి ఏ పని మీద వెళ్తున్నట్టు?

పొద్దున ఆరున్నరకు ఇబ్రహీంపట్నం చౌరస్తాలో నిలబడితే కొంత తెలుస్తుంది. మెడలో ఐడీ కార్డులు వేసుకున్నవాళ్లు కంపెనీ బస్సుల కోసం ఒక పక్క చూస్తుంటారు. ఇంకో పక్క అడ్డా. సద్దిగిన్నె సంచిలో పెట్టుకుని, పాత చొక్కా చీర మీద తొడుక్కుని వచ్చిన ఆడవాళ్లు, తాపీ పట్టుకున్న మగవాళ్లు, మేస్త్రీ బండి ఆగగానే చుట్టూ మూగుతారు. ఎంతమంది కావాలి, కూలి ఎంత, భోజనం వాళ్లదా మనదా అన్న మూడు ముక్కల్లో బేరం ముగుస్తుంది. అడ్డా మీది ఆడవాళ్లలో చాలామంది మాట్లాడుకునేది లంబాడాల భాష గోర్ బోలీ. వాళ్ల కొడుకుల్లో డిగ్రీ చేసినవాళ్లున్నారు, కూతుళ్లలో బీటెక్ చదివినవాళ్లున్నారు. వాళ్లలో కంపెనీకి వెళ్లేవాళ్లు చాలావరకు సెక్యూరిటీకీ, హౌస్ కీపింగ్‌కీ, క్యాంటీన్‌కీ వెళ్తున్నారు. అదీ కాంట్రాక్టరు కింద, పేరు రిజిస్టరులో ఉందో లేదో తెలియని పద్ధతిలో.

గిరిజనుల చదువు, ఉద్యోగం, వ్యాపారం గురించి ప్రభుత్వాలు మాట్లాడినప్పుడల్లా అది సంక్షేమ పద్దులోనే వస్తుంది. ఇబ్రహీంపట్నంలో మాత్రం ఆ మాట భూమి పద్దులో రావాలి. ఇక్కడి పరిశ్రమలు లేచింది పేదల చేతుల్లోని నేల మీద కాబట్టి, తండా పిల్లకు దొరకాల్సిన సీటూ కొలువూ కాంట్రాక్టూ ఆ నేలకు చెల్లించాల్సిన బాకీలో భాగాలే.

ఆ నేల పేదల చేతికి ఊరికే రాలేదు. 1980ల్లో ఇక్కడ ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం పనిచేసింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరైన గీతా రామస్వామి ఈ ఊళ్లలో ఉండి వెట్టి విడుదల కోసం, కనీస వేతనాల కోసం, భూమి కోసం కూలీలతో కలిసి నడిచారు. ఆ రోజులను ఆమె 2022లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో రాశారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976 నాటిదే. పదేళ్లు గడిచినా అది దొర ఇంటి గడప దాటలేదు. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి వెన్నుదన్నుగా ఉండటం వల్ల, అంతకుమించి కూలీలు దెబ్బలకూ కేసులకూ ఓర్చి నిలబడటం వల్ల కొంత భూమి దళితులకూ తక్కిన పేదలకూ దక్కింది. పట్టా చేతికొచ్చిన ఇంట్లోనే పిల్లవాడు పశువులను వదిలి బడికి పోయాడు. రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లలను బడికి చేర్చే ఉద్యమాన్ని ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా 1990ల్లో అంత బలంగా నడపగలిగారంటే, ఆ పక్క తాలూకాల్లో కూలితల్లి అంతకుముందే తలెత్తి మాట్లాడటం నేర్చుకుని ఉండటం ఒక కారణమని మేం నమ్ముతాం.

ఇప్పుడు పోతున్నది ఆ తరహా భూమే. అసైన్డ్ భూమిని ఎవరూ కొనకూడదని 1977 చట్టం చెబుతుంది. ప్రభుత్వం మాత్రం వెనక్కి తీసుకోవచ్చు. పరిహారం దగ్గరికి వచ్చేసరికి అసైన్డ్ రైతుకూ సొంత పట్టా రైతుకూ సమానంగా ఇవ్వాలని ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తేల్చింది. ఆ కేసు ఇదే జిల్లా చేవెళ్ల డివిజన్‌ది. అయినా ఫార్మాసిటీ గ్రామాల్లో రెండు ధరల మాట మళ్లీ వినపడింది. మేడిపల్లి, కుర్మిద్ద, నానక్‌నగర్, తాటిపర్తి రైతులు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు ఇంకా స్పష్టంగా ఉంది. ప్రాజెక్టులో ఉద్యోగాలు పుట్టేచోట నష్టపోయిన కుటుంబంలో ఒకరికి తగిన శిక్షణ ఇచ్చి ఉద్యోగం ఇవ్వాలి. లేదంటే 5 లక్షల రూపాయలు, లేదంటే నెలకు 2 వేలకు తగ్గకుండా 20 ఏళ్లు. ఎక్కడ చూసినా ఆ మొదటి మాట నోటిదాకా రాకుండానే నగదు దగ్గర సంతకం అయిపోతున్నది. చెక్కు వచ్చిన ఏడాది ఇల్లు లేస్తుంది, పెళ్లి జరుగుతుంది, ఒక కారు వస్తుంది. ఆ తర్వాత ఆ ఇంటి మనిషి అడ్డా మీదికే వస్తాడు.

లంబాడాలకు వ్యాపారం నేర్పాలని చెప్పేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కన్ అంతటా తిరిగి, మొగలుల సైన్యాలకూ నిజాం సైన్యాలకూ తిండి చేర్చినవాళ్లు వీళ్లే. వేల ఎద్దులు, వాటి మేత, దారి సుంకాలు, ముందస్తు బయానాలు, నెలల తరబడి సాగే ప్రయాణంలో నష్టం రాకుండా చూసుకోవడం, ఇదంతా వీళ్ల ఇంటి విద్య. రైలు వచ్చింది, రోడ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది. బిడారు ఆగిపోయింది. పశువులనైనా పెంచుకుందామంటే అడవి చట్టాలు పచ్చికను మూసేశాయి. అప్పుడు కూలీలయ్యారు, నేరస్తుల జాతి అన్న ముద్రా మోశారు. ఈ కథను చరిత్రకారుడు భంగ్యా భూక్యా 2010లో వచ్చిన తన పుస్తకంలో ఆధారాలతో చూపారు. దక్షిణ తెలంగాణ తండాల్లో ఆడపిల్లలను అమ్ముకోవాల్సివచ్చిన దారుణం మీద ఆయనా గీతా రామస్వామీ కలిసి చేసిన అధ్యయనం చదివితే, వ్యాపారం పోయిన జాతి ఎంత లోతుకు పడిపోయిందో అర్థమవుతుంది.

ఆ నేర్పు పూర్తిగా చావలేదు. తెల్లవారుజామున మూడింటికి టమాట ట్రేలు ట్రాలీ ఆటోలోకి ఎక్కించి నగరం దారి పట్టే తండా ఆడమనిషిని చూడండి. వనస్థలిపురం రైతుబజారులో అమ్మితే ఎంత వస్తుంది, మార్కెట్ యార్డులో కమీషన్ పోగా ఎంత మిగులుతుంది, ఆటో కిరాయి ఎన్ని ట్రేల మీద పడుతుంది, అన్నీ ఆమెకు నోటి లెక్కలు. అదే మనిషి ఆదిబట్లలోని ఒక కంపెనీ క్యాంటీన్‌కు రోజూ కూరగాయలు వేస్తానంటే జీఎస్టీ నంబరు అడుగుతారు, మూడేళ్ల టర్నోవర్ అడుగుతారు, అరవై రోజుల తర్వాత బిల్లు ఇస్తామంటారు. అరవై రోజులు ఆగే పెట్టుబడి ఆమె దగ్గర లేదు. ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాలని స్టాండప్ ఇండియా పథకం 2016లో పెట్టారు. పూచీ దగ్గర మాట ఆగిపోయేది. అమ్మకానికి వీల్లేని అసైన్డ్ పట్టా చూసి మేనేజరు వెనకాడేవాడు. ఎస్సీ, ఎస్టీ వ్యాపారుల కోసం 2014లో రాష్ట్రం తెచ్చిన టీ-ప్రైడ్ పథకం కింద సబ్సిడీ వచ్చినవాళ్లలో చాలామంది కిరాయి కార్లు, జేసీబీల దగ్గరే ఆగిపోయారు. వాళ్లకు కొదువైంది ఆర్డరు. సరుకు కొంటామని ఏ కంపెనీ అయినా ముందుగా రాసి ఇస్తే, ఆ కాగితం చూసి అప్పిచ్చేవాళ్లు దొరుకుతారు.

ఈ పని ఇతర దేశాల్లో చేసి చూపించారు. కెనడాలో ఉత్తర క్యూబెక్ నికెల్ గని కోసం 1995లో కుదిరిన రాగ్లాన్ ఒప్పందంలో ఇన్యూట్ ప్రజలకు ఉద్యోగాలు, వాళ్ల సంస్థలకు కాంట్రాక్టులు, లాభంలో వాటా అన్నీ సంతకాలతో ఉన్నాయి. ఆస్ట్రేలియా 2015 నుంచి కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో 3 శాతం కాంట్రాక్టులు మూలవాసుల సంస్థలకు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2012 విధానంలో తన సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని రాసుకుంది. ఆ మాట ప్రైవేటు ఫ్యాక్టరీలకు వర్తించదు. కానీ ఎకరాలకు ఎకరాలు సర్కారు ఇచ్చిన భూమిలో, సర్కారు ఇచ్చిన రాయితీలతో నడిచే ఫ్యాక్టరీకి ఆ షరతు పెట్టడానికి అడ్డేముంది?

చదువు గురించి తక్కువ మాటలు చాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ ఎస్టీల అక్షరాస్యత 49.51 శాతం, రాష్ట్ర సగటు 66.54. గురుకులాలు ఏం చేయగలవో 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ చూపించింది. తండాలో పుట్టిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ప్రతిభకు కరువు లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడినందుకు సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోయి, ఇంటర్వ్యూకు వెళ్లలేకపోతున్న పిల్లల సంగతి మాత్రం వెంటనే తేలాలి. అలాగే 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి మార్చే పని 2024లో మొదలైంది. ఫిట్టర్, మెషినిస్టు, షీట్ మెటల్ పనుల్లో శిక్షణ పొందిన తండా పిల్లలకు ఆదిబట్ల షెడ్లలో అప్రెంటిస్‌షిప్ ఖాయం చేస్తే, నగరానికి వలసపోయే అవసరమే ఉండదు.

ఇంకో మాట దాచకుండా చెప్పుకోవాలి. తెలంగాణ ప్రాంత లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 సవరణ చట్టంతో. ఉద్యోగాలన్నీ వాళ్లకే పోతున్నాయని గోండు, కోయ, కొలాం ఆదివాసులు 2017లో రోడ్డెక్కారు. అడవిలో బడి సరిగా నడవని గూడెం పిల్ల, రోడ్డు పక్క తండా పిల్లతో పోటీ పడలేదన్నది నిజం, ఆ బాధను కొట్టిపారేయడం అన్యాయం. ఇబ్రహీంపట్నం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఇక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం రక్షణ లేదు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ లేదు. అందుకే ఇక్కడి తండాలు ఇక్కడి ఫ్యాక్టరీల్లో, కాంట్రాక్టుల్లో వాటా గెలుచుకోవడం చాలా అవసరం. ఆ వాటా ఏ గోండు బిడ్డ నోటి దగ్గరి ముద్దా కాదు. పైగా దానివల్ల సర్కారు కొలువుల చిన్న ముక్క కోసం ఇద్దరు పేదలు కొట్లాడుకునే స్థితి కొంతైనా సడలుతుంది.

రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ ఇప్పుడు కొంగరకలాన్‌లోనే ఉంది, ఫాక్స్‌కాన్ ఉన్న ఊళ్లోనే. కలెక్టరు గారిని మేం కోరేది ఒక్కటే. ఏ ఊరి నుంచి ఎన్ని ఎకరాలు తీసుకున్నారో, ఆ కుటుంబాల్లో ఎందరు ఆ కంపెనీల్లో ఉన్నారో, ఏ హోదాలో ఉన్నారో, ఏటా ఎస్టీ సంస్థల నుంచి ఎంత కొన్నారో రాసి ఆఫీసు గోడ మీద అంటించాలి. వాళ్లంతట వాళ్లు అంటించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా ఆఫీసులో దరఖాస్తు ఫీజు పది రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. మంచాల, యాచారం తండాల్లో చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ నెలలోనే ఆ దరఖాస్తులు పెట్టండి. వచ్చిన జవాబులు, రాని జవాబుల వివరాలు మాకు పంపండి. ఊరి పేరుతో సహా ఈ పత్రికలో అచ్చువేస్తాం.