ఎడిటర్లోనే నడిపి చూడండి, కానీ...

మొన్న మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు నా పక్కన కూర్చుని చూస్తూ అడిగాడు, "అన్నా, ఫైలు సేవ్ కూడా చెయ్యలేదు కదా, రిజల్ట్ ఎలా వచ్చింది?" అని. పాపం తను రెండొందల లైన్లు రాసి, అప్పుడు ఇంకో విండోలోకెళ్ళి ఒకేసారి రన్ చేస్తాడు. పదిహేను తప్పులొస్తాయి. ఏది ఎక్కడిదో వెతుక్కోవడంతోనే మధ్యాహ్నం గడిచిపోతుంది.

నేను వాడేది ఈమాక్స్. పైథాన్ ఫైలు తెరిచి కంట్రోల్-సీ, కంట్రోల్-పీ నొక్కితే పైథాన్ షెల్ మొదలవుతుంది. తర్వాత ఒక ఫంక్షన్లో కర్సర్ పెట్టి కంట్రోల్-మెటా-ఎక్స్ నొక్కితే ఆ ఒక్క ఫంక్షనే షెల్‌కి వెళ్తుంది. అయిదు నిమిషాలు పట్టే డేటాని పొద్దున ఒక్కసారి లోడ్ చేసుకుంటే చాలు, సాయంత్రం దాకా దానిమీద ముక్క ముక్కగా ప్రయోగాలు చేసుకోవచ్చు. వంట చేస్తూ ఉప్పు చూసుకోవడం లాంటిదన్నమాట. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక కాదు కదా చూసేది!

ఇదేమీ కొత్త వింత కాదు. లిస్ప్ వాళ్ళకి ఎప్పట్నుంచో అలవాటే. 1999లో నాసా వారి డీప్ స్పేస్ 1 నౌకలో రిమోట్ ఏజెంట్ అనే లిస్ప్ ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే, కోట్ల మైళ్ళ దూరం నుంచి, నడుస్తున్న ప్రోగ్రాంలోకే తొంగిచూసి తప్పు ఎక్కడుందో పట్టుకున్నారు.

అయితే ఇందులో ఒక గొయ్యి ఉంది. నేను పడ్డాను కాబట్టి చెప్తున్నా. ఒకసారి ఓ ఫంక్షన్ పేరు మార్చాను. దాన్ని పిలిచే ఒక చోట మాత్రం పాత పేరే ఉండిపోయింది. నా షెల్‌లో పాత ఫంక్షన్ ఇంకా బతికే ఉంది కాబట్టి అంతా బ్రహ్మాండంగా నడిచింది. రాత్రి సర్వర్లో, కొత్త ప్రాసెస్‌లో, నేమ్ ఎర్రర్ వచ్చి జాబ్ ఆగిపోయింది. పొద్దున వెళ్ళాల్సిన రిపోర్టు వెళ్ళలేదు. మా మేనేజర్‌కి "నా మెషీన్లో పనిచేసిందండీ" అని చెప్పాలంటే నాకే సిగ్గేసింది. జూపిటర్ నోట్‌బుక్ వాడేవాళ్ళకి ఈ బాధ బాగా తెలిసే ఉంటుంది.

తప్పు పద్ధతిది కాదు. షెల్‌కి గుర్తున్నదీ ఫైల్లో ఉన్నదీ ఒకటేననుకోవడం నాది. అందుకే ఇప్పుడు కోడ్ కమిట్ చేసే ముందు షెల్‌ని చంపేసి, ఫైలు మొత్తం మొదట్నుంచి ఒకసారి నడిపిస్తాను. టెస్టులు కూడా కొత్త ప్రాసెస్‌లోనే.

ఆ కుర్రాడికి రెండూ కలిపే నేర్పించాను. మొదటిది నేర్చుకోడానికి పది నిమిషాలు పట్టింది. రెండోది అలవాటవ్వాలంటే వాడికీ ఒక రిపోర్టు పోవాలేమో!