కాలులో వేసిన రాడ్డు తీయించాలా, వద్దా? ఎముక అతికిన తర్వాత ఎదురయ్యే ప్రశ్న

కాలు విరిగినవారికి శస్త్రచికిత్స జరిగిన రోజున ఎవరూ అడగని ప్రశ్న ఒకటి, ఏడాది తిరిగేసరికి ఇంట్లో అందరి నోటా వినిపిస్తుంది. లోపల వేసిన రాడ్డు ఎప్పుడు తీయించాలి?

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించగా, 4,43,366 మంది గాయపడ్డారు. మరణాలపై ఏటా చర్చ జరుగుతుంది. గాయపడి ఇల్లు చేరినవారి తర్వాతి రెండేళ్ల గురించి మాత్రం పెద్దగా మాట్లాడరు. కాలు విరిగినవారిలో అనేకులకు రెండో శస్త్రచికిత్స అవసరమా, కాదా అన్న నిర్ణయం ఆ రెండేళ్లలోనే ఎదురవుతుంది.

ఈ అభిప్రాయం ఎక్కడిది?

రాడ్డు తీయించక తప్పదన్న అభిప్రాయానికి చరిత్ర ఉంది. జర్మనీ శస్త్రవైద్యుడు గెర్హార్డ్ క్యూన్‌చర్ 1939లో తొడ ఎముక మధ్యనున్న మజ్జ మార్గంలోకి ఉక్కు కడ్డీని దించి, విరిగిన ఎముకను నిలబెట్టే పద్ధతిని ప్రవేశపెట్టారు. 1958లో స్విట్జర్లాండ్‌లో ఏర్పడిన ఏఓ వైద్య బృందం ప్లేట్లు, స్క్రూల వాడకానికి నియమాలను రూపొందించింది. ఎముక అతికిన తర్వాత లోహాన్ని తొలగించడం ఐరోపాలోని అనేక ఆసుపత్రులలో చాలాకాలం చికిత్సలో భాగంగానే సాగింది.

ఎముక తనంతట తాను అతుక్కునే వరకు దానిని కదలకుండా పట్టి ఉంచడమే రాడ్డు పని. అతికిన తర్వాత దాని అవసరం తీరిపోతుంది. అయితే అవసరం తీరినంత మాత్రాన అది హాని చేస్తుందని కాదు. నేడు వాడే స్టెయిన్‌లెస్ స్టీల్, టైటానియం మిశ్రమాలను శరీరం సాధారణంగా దశాబ్దాల పాటు సహిస్తుంది. ఇవి అయస్కాంతానికి అంతగా ఆకర్షితం కావు కనుక చాలావరకు ఎంఆర్ఐ స్కానింగ్‌కు ఆటంకం ఉండదు. లోహం ఉన్నచోట చిత్రం మసకబారవచ్చు కాబట్టి స్కానింగ్ సిబ్బందికి ముందే చెప్పాలి. ఇబ్బంది లేని పెద్దలకు రాడ్డును అలాగే ఉంచవచ్చన్నది నేడు వైద్యులలో బలపడుతున్న అభిప్రాయం.

తీయించవలసినది ఎవరికి?

కొన్ని సందర్భాలలో సందేహానికి తావు లేదు. లోహం చుట్టూ ఇన్‌ఫెక్షన్ చేరినప్పుడు, స్క్రూ కీలులోకి చొచ్చుకుపోయినప్పుడు, చర్మాన్ని పొడుచుకుని బయటికి వస్తున్నప్పుడు తొలగించాలి. చీలమండ, ముంగాలు భాగాలలో ఎముకపై కండ పలుచగా ఉంటుంది. అక్కడి ప్లేటు చెప్పుకో, బూటుకో ఒరుసుకుని నొప్పి పెడితే తీయించడం సమంజసమే. పిల్లల సంగతి వేరు. వారి ఎముకలు పెరుగుతూ లోహాన్ని కప్పేస్తాయి. అందువల్ల వారికి వేసే వంగే కడ్డీలను సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది లోపు తీస్తారు.

పెద్దలలో చీలమండ ప్లేట్లకు సుమారు ఏడాది, ముంగాలి ఎముకకు ఏడాది నుంచి ఏడాదిన్నర, తొడ ఎముకకు దాదాపు రెండేళ్లు ఆగడం వాడుకలో ఉన్న లెక్క. అయినా నెలల లెక్క కన్నా ఎక్స్‌రేలో కనిపించేదే ముఖ్యం. విరిగినచోట కొత్త ఎముక అన్ని వైపులా వంతెనలా కలిసిందని వైద్యుడు నిర్ధారించుకోవాలి. పొగతాగేవారిలో, మధుమేహం ఉన్నవారిలో అతుకు ఆలస్యం కావచ్చు. తొందరపడి తీస్తే ఎముక మళ్లీ విరిగే ప్రమాదం ఉంది. మరీ ఆలస్యమైతే స్క్రూల తలలు అరిగిపోయి, లోహం ఎముకలో బిగుసుకుని తీయడం కష్టమవుతుంది.

చీలమండ వద్ద రెండు ఎముకలను కలిపి బిగించే స్క్రూను రెండు మూడు నెలలకే అందరికీ తీయడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది. ఇబ్బంది పెట్టినప్పుడే తీసినా ఫలితం తగ్గడం లేదని నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్ష 2021లో తెలిపింది.

‘చిన్న ఆపరేషనే’ అనడం సరికాదు

మోకాలి కింది లోహాన్ని తీయించుకున్నవారిపై నెదర్లాండ్స్‌లోనే జరిగిన మరో పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. శస్త్రచికిత్సకు ముందు యాంటీబయాటిక్ ఇచ్చినవారిలో 13.2 శాతం మందికి, ఇవ్వనివారిలో 14.9 శాతం మందికి గాయం వద్ద ఇన్‌ఫెక్షన్ వచ్చింది. అంటే ఏడుగురిలో సుమారు ఒకరికి. పైగా, ముంగాలిలో రాడ్డు వేసినవారిలో తరచుగా కనిపించే మోకాలి ముందు భాగపు నొప్పి, రాడ్డు తీశాక తప్పక తగ్గుతుందన్న హామీ లేదు. స్క్రూలు తీసినచోట మిగిలే రంధ్రాలు పూడేవరకు ఎముక బలహీనంగానే ఉంటుంది. అందుకే కొన్ని వారాల నుంచి మూడు నాలుగు నెలల వరకు బరువులు ఎత్తడం, పరుగెత్తడం, ఆటలాడటం మానాలని చెబుతారు.

ఖర్చు ఎవరిది, కూలి ఎవరిస్తారు?

రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో నోటిఫై చేసింది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి గరిష్ఠంగా లక్షన్నర రూపాయల చికిత్స దీని పరిధిలోకి వస్తుంది. ప్రాణం నిలబెట్టే తొలి రోజులకు ఇది ఎంతో మేలు. కానీ ఏడాదిన్నర తర్వాత జరిగే రెండో శస్త్రచికిత్స దీని పరిధిలో లేదు.

పరిహారం విషయంలోనూ ఇదే చిక్కు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు, భవిష్యత్ వైద్య ఖర్చులను పరిహారంలో ఒక అంశంగా పేర్కొంది. అయితే తీవ్ర గాయాలలో, నిర్దిష్టమైన వైద్య సాక్ష్యం ఉన్నప్పుడే దానిని మంజూరు చేయాలని కూడా చెప్పింది. కాబట్టి రాడ్డు తీయవలసి రావచ్చని, దానికి ఇంత ఖర్చవుతుందని వైద్యుడు రాసి ఇవ్వని బాధితుడు ట్రైబ్యునల్‌లో ఆ మొత్తాన్ని కోల్పోయే అవకాశం ఉంది.

రోజుకూలీకి ఆసుపత్రి బిల్లు కన్నా పనికి పోలేని వారాలే పెద్ద భారం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో ‘ఆరోగ్య ఆసరా’ పేరిట, కోలుకుంటున్న రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయల చొప్పున భృతి ఇచ్చే పథకాన్ని ప్రారంభించింది. చికిత్స ఉచితమైనా కూలి పోతే కుటుంబం నష్టపోతుందన్న గుర్తింపు దాని వెనుక ఉంది. అవసరం లేని రెండో శస్త్రచికిత్సను మాన్పించగలిగితే ఆ నష్టం మొదటే తప్పుతుంది.

నిర్ణయానికి ముందు

డిశ్చార్జి పత్రంతో పాటు, లోపల వేసిన లోహం తయారీదారు పేరు, కొలతలు ఉన్న స్టిక్కర్‌ను భద్రపరచుకోవాలి. ఏ స్క్రూకు ఏ పరికరం సరిపోతుందో తెలియక శస్త్రచికిత్స మధ్యలో చిక్కుకుపోయే పరిస్థితిని ఆ చిన్న కాగితం తప్పిస్తుంది. ఆ తర్వాత వైద్యుడిని అడగవలసినవి మూడు ప్రశ్నలు. ఎముక పూర్తిగా అతికిందా? నా నొప్పికి కారణం ఈ లోహమేనా? తీయించకపోతే ఏమవుతుంది?

మూడో ప్రశ్నకు ‘ఏమీ కాదు’ అన్నదే జవాబైతే, పెద్దలు ఆ రాడ్డును ఉన్నచోటనే ఉండనివ్వడంలో తప్పు లేదు.